ఆ లాభం ఎక్కడినుంచి వస్తుంది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే మనవాళ్లను చూడండి. గుట్టలోకి చెయ్యి దూర్చి తేమ చూస్తారు, పింజ లాగి పొడవు చూస్తారు. క్వింటాలుకు పది రూపాయల దగ్గర గంటసేపు బేరమాడతారు. జిన్నింగు మిల్లు నడిపేవారైతే దూది ధర, గింజల ధర, కరెంటు బిల్లు, బ్యాంకు అప్పు అన్నీ లెక్క వేసుకుని గాని అడుగు వెయ్యరు. అలాంటి మనమే, కూతురి పెళ్లికని దాచిన డబ్బు దగ్గరికొచ్చేసరికి "హలాల్ లాభం" అన్న ఒక్క మాటకు ఎవరి చేతిలోనో పోసేస్తాం. ఇదేం లెక్కో!

బెంగుళూరులో ఐ.ఎం.ఏ. అనే కంపెనీ సంగతి మీకు తెలిసిందే. వడ్డీ కాదు, వ్యాపారంలో వాటా అని చెప్పి, నెలకు రెండున్నర, మూడు శాతం ఆశ చూపింది. 2019 జూన్‌లో మూతపడింది. యజమాని దుబాయి పారిపోయి, జులైలో తిరిగొచ్చి అరెస్టయ్యాడు. వేలాది ముస్లిం కుటుంబాలు ఫిర్యాదు కాగితాలు పట్టుకుని క్యూ కట్టాయి. మనవాళ్లకే పట్టిన జాడ్యం అనుకోవద్దు, అగ్రిగోల్డ్ మన రాష్ట్రంలో అన్ని మతాలవాళ్లనూ ముంచింది.

మూడు శాతమంటే లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. పత్తి ధర పడిపోయిన ఏడు మన మండీల్లో ఎవరికైనా ఇంత మిగిలిందా? ముజారబత్‌లో డబ్బు ఒకరిది, కష్టం ఇంకొకరిది. లాభమొస్తే ముందు ఒప్పుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు, నష్టమొస్తే డబ్బు పెట్టినవాడు భరిస్తాడు. నష్టం మాటే ఎత్తకుండా నెలనెలా ఇంత అని ఖాయంగా ఇస్తామంటే, అది వడ్డీకే వేరే పేరు. కాకుంటే, కొత్తగా చేరినవాడి డబ్బు తీసి పాతవాడికి పంచడం.

పక్కనే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. డబ్బు ఏమైందంటే నూలైంది, బట్టయింది. సభ్యుడికి అది కంటికి కనిపించేది. మన డబ్బు ఏమవుతోందో మనకు కనిపించాలా వద్దా?

గడువు పెట్టి తీసుకునే అప్పును సాక్షులతో రాసుకోమని సూరా బఖరా 282వ ఆయత్ చెబుతుంది. మనం మాత్రం "మనవాడే కదా, కాగితమెందుకు" అంటాం. ఇంట్లో ఆడవాళ్లకైతే నగలు తాకట్టుకు పోయినాకే సంగతి తెలుస్తుంది.

అందుచేత మా మనవి ఒకటి. ఎవరైనా ఇలాంటి స్కీము తెస్తే, డబ్బు కట్టకముందే ఆ కాగితాలు సంఘం ఆఫీసుకు తీసుకురండి. భార్యాభర్తలిద్దరూ రండి. ప్రజల దగ్గర డబ్బు వసూలు చెయ్యడానికి రిజర్వు బ్యాంకు అనుమతిగాని, సెబీ అనుమతిగాని ఉందా, ఆడిటయిన లెక్కలు చూపిస్తారా, నష్టం ఎవరిది అని రాశారా, ఈ మూడూ కూర్చుని చదువుదాం.