కుంపటి పెట్టాలా, ఫ్యాను వేయాలా?

(ప్రసూతి వార్డులో రోగుల బంధువుల కొరకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

 మగవాళ్ళు కూడా లోపలికి రండి. ఈ మాటలు మీకూ కావాలి. ఇంట్లో ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి ఎక్కువగా మీదే ఉంటుంది.

డిసెంబరు నెల వచ్చిందంటే మా వార్డులో ఒక పేచీ మొదలవుతుంది. మూడో మంచం వాళ్ళు కిటికీ మూస్తారు, నాలుగో మంచం వాళ్ళు తెరుస్తారు. ఒక పెద్దావిడ వచ్చి, "సిస్టరమ్మా, ఫ్యాను ఆపించండి, పచ్చి బాలింతకు గాలి తగులుతోంది" అంటారు. ఆమె అటు తిరగగానే ఆమె కన్న కూతురే, "సిస్టర్, దోమలు కుట్టి చంపుతున్నాయి, ఫ్యాను వేయించండి" అంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాను. ఈ తగవు లేని చలికాలం నాకు గుర్తు లేదు. ఇక్కడైతే మేము ఉంటాము, ఏదో ఒకటి చెప్పి సర్దుతాము. ఇంటికి వెళ్ళాక సర్దేవాళ్ళు ఉండరు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట నెగ్గుతుంది. మధ్యలో ఉన్న బిడ్డకు గొంతు లేదు, ఏడుపు తప్ప. బాగా చలి సోకిన బిడ్డ ఆ ఏడుపు కూడా ఏడవదు. అందుకే ఈ రోజు ఈ సంగతి మాట్లాడుతున్నాను.

"మన గుంటూరు సీమలో చలి ఏముందండీ, మే నెల ఎండ గురించి చెప్పండి" అని నవ్వేవారు ఉంటారు. నిజమే, మనది లంబసింగి కాదు. జనవరి తెల్లవారుజామున కూడా మన దగ్గర 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. పెద్దవాళ్ళకు ఒక దుప్పటి చాలు. కానీ బిడ్డ ఎక్కడి నుండి వచ్చిందో ఆలోచించండి. తొమ్మిది నెలలు తల్లి కడుపులో 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంది. ఒళ్ళంతా తడితో బయటపడింది. మనకు చలి వేస్తే వణుకుతాం, ఆ వణుకే వేడి పుట్టిస్తుంది. పసిబిడ్డకు అలా వణకడం రాదు. బరువు తక్కువ, దానికి పోలిస్తే ఒంటి చర్మం ఎక్కువ, అందుకని వేడి త్వరగా పోతుంది. తలే పెద్దది, ఆ తల మీద నుండి ఇంకా ఎక్కువ పోతుంది. అందుకే పసిబిడ్డ ఉన్న గది 25 డిగ్రీలకు తగ్గకూడదని వైద్యులు చెబుతారు. రేకుల ఇల్లయితే పగలు ఎంత కాగుతుందో రాత్రి అంత త్వరగా చల్లారుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు పైన రేకు మీద చెయ్యి పెట్టి చూసినవారికి తెలుసు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం పర్చూరు వైపు నుండి ఒక అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, 2 కిలోల 100 గ్రాములు. పుట్టింటికి తీసుకువెళ్ళే రోజున ఆ అమ్మాయి తల్లి, అంటే బిడ్డ అమ్మమ్మ, ఇంటికి ఫోను చేసి కుంపటి సిద్ధం చేయమని చెబుతుంటే విన్నాను. అప్పుడు నాకు తొందర ఎక్కువ. "ఏమిటి పెద్దమ్మా, ఈ కాలంలో కుంపటి ఏమిటి? పొగ పెట్టి పిల్లను చంపుతారా?" అని పదిమంది ముందు గట్టిగా కసిరాను. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయారు.

మూడో రోజు తెల్లవారకముందే ఆటోలో వచ్చారు. బిడ్డ పాలు పట్టడం లేదు, కదలడం లేదు. అరికాళ్ళు చన్నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. థర్మామీటరు పెడితే 34 డిగ్రీలు. అడిగితే అంతా చెప్పారు. కుంపటి పెట్టలేదు. రేకుల గది. అల్లుడు చూడవచ్చి, దోమలున్నాయని రాత్రంతా ఫ్యాను వేశాడు. పొత్తిగుడ్డ ఎప్పుడు తడిసిందో ఎవరూ చూడలేదు. ఆ అమ్మమ్మ నాతో గొంతు పెంచకుండానే అన్నారు: "నిప్పు తీసెయ్యమన్నారు, తీసేశాను సిస్టరమ్మా. దాని బదులు ఏం పెట్టాలో చెప్పలేదు గదా."

నా దగ్గర జవాబు లేదు. ముందు వేడి దీపం కింద పెట్టాం, డాక్టరు గారు షుగరు చూశారు, తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాం. బిడ్డ కాస్త తేరుకున్నాక తల్లి గుండెల మీద పెడదామంటే, తల్లికి ఆపరేషను కుట్లు, పైగా జ్వరం. అప్పుడు అమ్మమ్మే ముందుకు వచ్చారు. రవికె విప్పి, బిడ్డను తన గుండెల మధ్య నిలువుగా పెట్టుకుని, పైన చీర కొంగు, దాని మీద శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. మధ్యాహ్నానికి 36.6 వచ్చింది. మూడు రోజులు ఆమె లేవలేదు, భోజనానికి తప్ప. నేను వద్దన్న కుంపటి స్థానంలో ఏం పెట్టాలో ఆమే చేసి చూపించారు.

ఈ పద్ధతికి కంగారూ సంరక్షణ అని పేరు. కంగారూ జంతువు తన పిల్లను కడుపు సంచిలో పెట్టుకుంటుంది కదా. కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు గారు, బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక దీనిని మొదలుపెట్టారు. లేనివాళ్ళ వైద్యమని దీనిని తక్కువగా చూడకండి. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో సహా ఐదు దేశాల ఆస్పత్రులలో కిలో నుండి 1.8 కిలోల లోపు బిడ్డల మీద జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. స్థిమితపడేదాకా ఆగి మొదలుపెట్టిన బిడ్డలతో పోలిస్తే, పుట్టిన వెంటనే గుండెలకు హత్తుకున్న బిడ్డలలో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లే చేయాలని లేదు. నాన్న చేయవచ్చు, నాయనమ్మ చేయవచ్చు. ఒంటికి జబ్బు, దగ్గు లేకుండా శుభ్రంగా ఉన్నవారెవరైనా చాలు. నాన్నలు సిగ్గుపడతారు. చొక్కా విప్పి పత్తి బోరాలు మోయడానికి లేని సిగ్గు దీనికెందుకు?

ఇక కుంపటి సంగతి. నేను కసిరిన తీరు తప్పు గానీ, మూసిన గదిలో కుంపటి వద్దన్న మాట తప్పు కాదు. పెద్దవాళ్ళు ఏమంటారంటే, "బొగ్గు బాగా రాజుకుని ఎర్రగా అయ్యాకే లోపలికి తెస్తాం, అప్పుడు పొగ రాదు" అంటారు. అక్కడే ప్రమాదం ఉంది. పొగ కంటికి కనబడుతుంది, దగ్గు వస్తుంది, తలుపు తీస్తాం. కానీ ఎర్రటి నిప్పుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తల బరువెక్కుతుంది, తరువాత వికారం, వాంతి, మగత. నిద్రలో ఉన్నవారికి ఇవేమీ తెలియవు. ఉత్తరాది రాష్ట్రాలలో గదిలో నిప్పు పెట్టుకుని తలుపులు మూసి పడుకుని కుటుంబాలకు కుటుంబాలే లేవలేదన్న వార్తలు చలికాలంలో పత్రికల్లో చూస్తూనే ఉంటాం. కాబట్టి తెల్లవారి తల్లికీ, అమ్మమ్మకీ ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే దిష్టి తగిలిందనుకోకండి. తలుపులు తీసి, అందరినీ బయటికి తెచ్చి, వెంటనే ఆస్పత్రికి రండి.

దిష్టి అంటే గుర్తొచ్చింది. మనది మిరప పండే ప్రాంతం. దిష్టి తీసి, నిప్పుల్లో ఎండుమిరపకాయలు వేసి, ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిగా ఉందని ఇంకో నాలుగు వేస్తారు. ఆ కోరుకు పెద్దవాళ్ళమే నిలబడలేము. దిష్టి తీయాలనుకుంటే తీయండి, నేను కాదనను. ఆ నిప్పు పెరట్లో పెట్టండి. సాంబ్రాణి కూడా అంతే. బాలింత తల ఆరడానికి ఎండ ఉంది కదా, మన దగ్గర దానికి కరువు లేదు.

తల్లి చెవుల్లో దూది పెట్టడం, తలకు గుడ్డ కట్టడం, వేడినీళ్ళు తాగించడం, వీటి గురించి కూతుళ్ళు అమ్మలతో పోట్లాడతారు. వాటితో హాని లేదు. పెద్దావిడ తృప్తి కోసం పెట్టుకోండి. తిండి మాన్పించడం, నీళ్ళు తక్కువ ఇవ్వడం మాత్రం ఒప్పుకోకండి. తల్లికి తిండీ నీళ్ళూ లేకపోతే ఆమె ఎలా కోలుకుంటుంది?

ఫ్యాను దోమల కోసమే అయితే దోమతెర కట్టండి. సగం తగవు అక్కడే తీరుతుంది. ఆ గదిలో దోమల కాయిలు వెలిగించవద్దు, అదీ పొగే. మరీ ఉక్కగా ఉంటే బిడ్డ మీదికి గాలి రాకుండా మంచం జరిపి నెమ్మదిగా వేసుకోండి. బిడ్డకు తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, ఒంటికి పొడి నూలు చొక్కా, పైన మనకంటే ఒక పొర ఎక్కువ. తడిసిన గుడ్డ వెంటనే మార్చాలి. నూరు దుప్పట్లు కప్పినా లోపల గుడ్డ తడిగా ఉంటే లాభం లేదు. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు స్నానం వద్దు. బరువు తక్కువ బిడ్డకైతే డాక్టరు గారు చెప్పేదాకా గోరువెచ్చని నీటి గుడ్డతో తుడవడమే. పురిటి స్నానం చేయించే రోజున తెల్లవారుజామున కాక ఎండెక్కాక చేయించి, ముందు తల తుడవండి. వేడినీళ్ళ సీసా బిడ్డ పక్కన పెట్టకండి, లేత చర్మం కాలుతుంది.

అతిగా కప్పడం కూడా తప్పే. ముఖం మీదికి దుప్పటి రాకూడదు. మెడ వెనుక చెమట పట్టి, ఒళ్ళు ఎర్రబడి, బిడ్డ చిరాకు పడుతుంటే ఒక పొర తీయండి.

మరి చలిగా ఉందో లేదో ఎవరు తీర్పు చెప్పాలి? అమ్మమ్మకు చలి వేస్తుంది, అల్లుడికి ఉక్క పోస్తుంది. ఇద్దరినీ అడగవద్దు, బిడ్డ అరికాలిని అడగండి. మీ చేతి వెనుక భాగాన్ని ముందు బిడ్డ పొట్ట మీద, తరువాత అరికాలి మీద పెట్టండి. రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ హాయిగా ఉంది, ఎవరూ ఏమీ మార్చవద్దు. పొట్ట వెచ్చగా, కాలు చల్లగా ఉంటే చలి మొదలైంది. ఫ్యాను ఆపి, గుండెలకు హత్తుకుని, పాలు పట్టాలి. పొట్ట కూడా చల్లగా ఉంటే ఇంట్లో వైద్యం చేయవద్దు, ఆస్పత్రికి రావాలి. వచ్చేటప్పుడు ఆటోలో గాలికి ఒడిలో పడుకోబెట్టుకుని కాదు, ఒంటికి ఒళ్ళు తగిలేలా హత్తుకుని, పైన కప్పుకుని రండి. థర్మామీటరు ఉంటే చంకలో పెట్టి చూడండి. 36.5 నుండి 37.5 వరకు మామూలు. ఫారెన్‌హీట్‌లో చూసేవారికి 97.7 నుండి 99.5.

పెద్దవాళ్ళ గురించి ఒక్క మాట. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మిరప కల్లాల దగ్గర కాపలా పడుకునే తాతగార్లు ఉంటారు. నులక మంచం మీద పైన రెండు దుప్పట్లు కప్పుకుని, ఇంకా చలిగా ఉందంటారు. చలి కింద నుండి వస్తుంది, ముందు కింద బొంత పరవండి. షుగరు ఉన్నవారు మిరప కట్టె మంట దగ్గర కాళ్ళు కాచుకోకూడదు. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, కాలింది తెలియదు. పుండు పడ్డాక ఇక్కడికి వస్తారు. మేజోళ్ళు తొడగండి.

అరికాలు చూడడం రెండు నిమిషాల్లో నేర్చుకోవచ్చు. రేపు ఉదయం పది గంటలకు పాలిచ్చే గదిలో థర్మామీటరు పెట్టి చూపిస్తాను. కూతురిని మాత్రమే పంపకండి, అమ్మమ్మ, నాయనమ్మ, అల్లుడు కలిసి రండి. ఒకరి ముందు ఒకరు నేర్చుకుంటే ఇంటికి వెళ్ళాక "సిస్టరు నాకు అలా చెప్పలేదు" అనే మాట రాదు.