సముద్రం అడుగున ఒక వంటిల్లు
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఇళ్ళల్లో ఒక అలవాటు వుంది. మనిషి పోయాక ఫోటో పెద్దది చేయించి, అద్దం కట్టించి, బొట్టు పెట్టి, దండ వేసి ముందుగదిలో తగిలిస్తాం. సైన్యంలో పనిచేసినాయనైతే యూనిఫారంలో వున్న ఫోటోనే వెతికి మరీ చేయిస్తాం. స్థోమత వున్నవాళ్ళు వూరి కూడలిలో విగ్రహం కూడా పెట్టిస్తారు. మంచిదే. కాని ఆ మనిషి మన ఎదురుగా పడక్కుర్చీలో కూర్చుని, చాయ్‌లో చక్కెర తగ్గిందని సణుగుతున్న రోజుల్లో, ఆయన చేసి వచ్చిన కొలువుకు గౌరవంగా మనం చేసేదేమిటి? బతికివున్నవాళ్ళ ఫోటోకి దండ వేయకూడదు. విగ్రహం మాట అసలే ఎత్తకూడదు. అందుకని ఏమీ చేయకుండా వూరుకుంటాం.

మా ఇంట్లో మేం వేరే దారి పట్టాం. మనిషి బొమ్మ కాకుండా, మనిషి పనిచేసిన చోటు బొమ్మ చేశాం. అదీ కొలతల ప్రకారం. అదేదో ఇంజనీర్ల పని అనుకునేరు! చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేయడం, కొలత తీసి జాకెట్టు కత్తిరించడం వచ్చిన వాళ్ళెవరైనా చేయగలిగిన పనే. ఆ సంగతి చెబుదామనే ఈ వేళ మీ ముందుకు వచ్చాను.

మాది జనగామ. మా మామయ్యగారు రెండో కొడుకు దగ్గర మహబూబాబాదులో వుంటారు. మా ఆడబిడ్డ కాపురం భూపాలపల్లిలో. ఈ మూడు వూళ్ళకూ సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. నీళ్ళంటే మాకు చెరువు, వాగు, బావి. అలాంటి చోట పుట్టి పెరిగినాయన నౌకాదళంలో చేరడమే ఒక వింత. చేరిన తరువాత ఆయన్ని సముద్రం పైన వుంచకుండా సముద్రం అడుగుకు పంపారు! మన దేశానికి మొదటి జలాంతర్గామి, అంటే సబ్‌మెరైన్, ఐ.ఎన్.ఎస్. కల్వరి, 1967 డిసెంబరు 8న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. ఆ వెనకనే అదే నమూనావి ఖండేరి, కరంజ్, కురుసుర వచ్చాయి. ఈ నాలుగింటిలో ఒకదానిలో మామయ్యగారు పనిచేశారు. 1971 యుద్ధం నాటికి ఇరవై రెండేళ్ళ కుర్రాడు.

ఏం పని చేశారూ అంటే, వంట.

చిక్కంతా అక్కడే వచ్చింది. చుట్టాల్లో, పెళ్ళిళ్ళలో ఎవరైనా "మిల్ట్రీలో చేశారట కదా, ఎంతమందిని కొట్టిండ్రు?" అని అడగడం, పక్కవాళ్ళు "ఆయన వంటాయన లెండి" అని నవ్వడం నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ వింటున్నాను. మామయ్యగారు కూడా నవ్వేసేవారు. పంద్రాగస్టుకి మాజీ సైనికులను వేదిక మీదికి పిలిస్తే మోకాళ్ళ నొప్పి అనేవారు. ఆ నొప్పి పదహారో తారీఖున వుండేది కాదు. మేం బొమ్మ సంగతి ఎత్తినప్పుడు ఆయనన్న మొదటి మాట: "గన్ను పట్టలే బిడ్డా, గరిటె పట్టిన. దానికేం బొమ్మ?"

మన వంటిళ్ళలో కూర్చుని ఈ మాట వింటున్న మీకు ఎలా వుందో గాని, నాకు మాత్రం చాలా కోపం వచ్చింది. ఆయన మీద కాదు.

ఆయన నోరు విప్పించింది మా ఆడబిడ్డ భర్త. ఆయన భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. కాకతీయ ఖనిలో, భూమి లోపల పని. పండక్కి వచ్చిన అల్లుడు అందరిలాగా యుద్ధం సంగతి అడగలేదు. "నాయినా, లోపల గాలెట్ల?" అన్నాడు. అంతే, మామయ్యగారు లేచి కూర్చున్నారు. నీటిపైన వున్నంతసేపు డీజిల్ ఇంజన్లు నడుస్తాయట. మునిగితే వాటికి గాలి అందదు గనక బ్యాటరీల మీద నడపాలి. లోపలున్న గాలే అందరూ పీల్చాలి. భూమి కింద పనిచేసిన మనిషీ, నీటి కింద పనిచేసిన మనిషీ రాత్రి పదకొండు దాకా గాలి గురించే మాట్లాడుకున్నారు. నేనూ మా తోటికోడలూ అంట్లు తోమడం ఆపి వింటూ నిలబడ్డాం. పడవ బొమ్మ చేద్దామన్న మాట ఆ రాత్రే పుట్టింది.

మామయ్యగారు పనిచేసిన పడవ ఇప్పుడు లేదు. దాని తోబుట్టువు కురుసుర మాత్రం విశాఖపట్నంలో, రామకృష్ణా బీచి ఒడ్డున, ప్రదర్శనశాలగా నిలిచి వుంది. 1969 డిసెంబరు 18న కొలువులో చేరి, 71 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. 2002లో దాన్ని ఒడ్డుకు లాగి జనం చూసేందుకు పెట్టారు. దానికి దగ్గరలోనే 71 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం కూడా వుంది. మామయ్యగారు రానన్నారు. మోకాళ్ళ నొప్పి ఈసారి నిజమే. నేనూ తోటికోడలూ మహబూబాబాదులో రైలెక్కి వెళ్ళాం.

పిల్లల్ని తీసుకుని విశాఖ వెళ్ళేవాళ్ళు తప్పకుండా చూడండి. పొడవు 91.3 మీటర్లు. లోపల ఏడు గదులు, ఒకదాని తరువాత ఒకటి, రైలు పెట్టెల్లాగా. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. కాలు ముందు పెట్టి, తల వంచి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని దాటాలి. ముందు వైపు ఆరు, వెనక వైపు నాలుగు టార్పెడో గొట్టాలు. ఇరవై రెండు టార్పెడోలు పట్టే చోటు. అవి పోగా మిగిలిన సందుల్లో ఎనిమిదిమంది అధికారులు, అరవై ఏడుగురు సెయిలర్లు. అక్కడ చూపించేవాళ్ళు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళే. మా మామయ్యగారు వంటపని చేశారని చెబితే, మాకు చూపిస్తున్నాయన టార్పెడోల కథ సగంలో ఆపి, "అయితే ముందు ఇటు రండి" అని వంటగది దగ్గరకు తీసుకుపోయారు.

అది గదా! మా దేవుడి గది అంతకంటే నయం. ఒక మనిషి నిలబడితే రెండో మనిషికి చోటు లేదు. గుమ్మం ఇవతల నుంచే మా తోటికోడలు మూరలూ జానలూ లెక్క కట్టింది. డెబ్బై అయిదు మందికి, మనిషికి నాలుగేసి చపాతీలు వేసుకున్నా పూటకు మూడు వందలు. పెళ్ళి వంటలు చేసినవాళ్ళకు తెలుస్తుంది మూడు వందల చపాతీలంటే ఏమిటో.

ఇక బొమ్మ పని. నూటికి ఒకటి లెక్క పెట్టుకున్నాం. అసలు మీటరు బొమ్మలో ఒక సెంటీమీటరు. ఇంతకంటే సులువు లెక్క లేదు, జాకెట్టు కొలిచే టేపు చాలు. 91 మీటర్ల పడవ 91 సెంటీమీటర్లు అవుతుంది. వెడల్పు ఏడున్నర మీటర్లు గనక ఏడున్నర సెంటీమీటర్లు. మా ఆడబిడ్డ భర్త ఈ లెక్క వినగానే నవ్వాడు. ఇళ్ళల్లో నీళ్ళు పోవడానికి వేసే ప్లాస్టిక్ గొట్టాల్లో డెబ్బై అయిదు మిల్లీమీటర్ల సైజు ఒకటి వుందట. అచ్చంగా ఏడున్నర సెంటీమీటర్లే! గొట్టం ముక్క భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా బస్సులో, చంటిపిల్లలా ఒళ్ళో పడుకుని వచ్చింది. ముక్కూ తోకా తేలికపాటి చెక్కతో చెక్కి, అతుకుల దగ్గర ఎంసీల్ ముద్ద పెట్టి, గరుకు కాగితంతో రుద్దాం. చపాతీ పిండి తడిపే చేతికి ఎంసీల్ ఒక లెక్క కాదు.

పైనున్న గోపురం లాంటి భాగం ఆకారం ఫోటో చూసి దింపుకోవాలి. ఇక్కడే మన ముగ్గు అక్కరకు వచ్చింది. ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీసి, చార్టు కాగితం మీద అన్నే గళ్ళు మనకు కావలసిన సైజులో గీసుకుని, ఏ గడిలో గీత ఎక్కడ తాకిందో చూసి అక్కడే చుక్క పెట్టుకుంటూ పోవాలి. చుక్కలు కలిపితే బొమ్మ వచ్చేస్తుంది. మా తోటికోడలు సంక్రాంతి ముగ్గు కాగితం మీద వేసుకునేది ఇలాగే.

వెనకవైపు తిరిగే పంకాలు మూడు. వీటికి మాత్రం మా జనగామ పక్కనున్న పెంబర్తి వెళ్ళాను. కాకతీయుల నాటి నుంచి ఇత్తడి పనికి పేరుపడ్డ వూరు. గుడి వాకిళ్ళకు ఇత్తడి తాపడాలు చేసే చేతులు. వేలిగోరంత పంకా రేకులు కత్తిరించి ఇమ్మంటే, ఆ పనివాడు నన్ను ఎగాదిగా చూసి, దేవుడికా అన్నాడు. మా మామయ్యకు అన్నాను. ఏమనుకున్నాడో గాని, మూడు పంకాలూ సుత్తితో కొట్టి, ఒంపు తిప్పి ఇచ్చాడు.

ఈ లెక్కలో మనిషి ఎంతుంటాడో చూడండి. అయిదడుగుల ఏడంగుళాల మనిషి సెంటీమీటరున్నర పైచిలుకు. ఇంచుమించు చింతగింజ. మరి చింతగింజంత మనిషి వండే వంటిల్లు ఎవరికి కనబడుతుంది? పడవ అంతా చూడముచ్చటగా తయారైంది గాని, మామయ్యగారి కొలువు అందులో కనబడలేదు. అందుకని వంటిల్లు విడిగా, పదికి ఒకటి లెక్కన, చెప్పుల డబ్బా అంత చేశాం. ఒక పక్క గోడ తీసి, లోపలికి చూసేలా.

అసలు కథ ఇక్కడ మొదలైంది. పడవ బొమ్మకు ఫోటోలు వున్నాయి, పుస్తకాలు వున్నాయి. ఆ వంటింట్లో ఏ గిన్నె ఎక్కడ వుండేదో ఏ పుస్తకంలో వుంది? ఆయనకే తెలుసు. మామయ్యగారికి చూపు బాగా మందగించింది. ఫోటో దగ్గరగా పెట్టినా లాభం లేదు. డబ్బా ఒళ్ళో పెడితే వేళ్ళతో తడిమి, "పొయ్యి గీడ గాదు, ఎడమ చెయ్యి దిక్కు" అనేవారు. పొయ్యి అంటే మంట పొయ్యి కాదు, కరెంటుది. బ్యాటరీలు అడుగంటితే ఆ కరెంటు కూడా బంద్ చేయమని పైనుంచి ఆర్డరు వచ్చేదట. అప్పుడు సగం ఉడికిన పప్పును ఏం చేసేవారో ఒక సాయంత్రమంతా చెప్పారు. పడవ వూగుతుంటే గిన్నె జారకుండా చుట్టూ కడ్డీ వుండేదట. మూతలకు తాడు. కూరగాయలు మొదటి రోజుల్లోనే అయిపోతే తరువాత డబ్బాల తిండి. మంచినీళ్ళు కొలిచి పోసేవాళ్ళు. స్నానం మాట లేదు. మనుషులు వంతులవారీగా కాపలాకు లేస్తారు గనక పొయ్యి ఆరే వేళే లేదట.

మా మహబూబాబాదు వైపు మిరప పంట ఎక్కువ. సెలవుకు వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు తల్లి ఎండుమిరపకాయలు మూట కట్టి ఇచ్చేదట. "మరి పోపు పెట్టేవారా మామయ్యా?" అని అడిగింది తోటికోడలు. "పోపా! గాలి పొయ్యే తొవ్వ లేదాయె. ఒక్క మిరపకాయ మాడితే డెబ్బై అయిదు మంది దగ్గాలె" అన్నారు. నీళ్ళల్లో నానబెట్టి నూరి, పప్పులో కలిపేవారట, పొగ లేకుండా. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఈ సంగతి మాకెవరికీ తెలియదు. మా అత్తగారికి కూడా తెలియదు!

ఒకటి గమనించాను. "యుద్ధం ఎలా వుండేది?" అని అడిగితే ఆయన "ఏముంటది" అనేవారు. "మూత ఏ చేత్తో తీసేవారు?" అని అడిగితే గంటసేపు చెప్పేవారు. బొమ్మ చేసేవాళ్ళకు ఈ రెండో రకం ప్రశ్నలే కావాలి. మీ ఇంట్లో సైన్యంలో లారీ నడిపినవారో, వైర్‌లెస్ దగ్గర కూర్చున్నవారో, గుర్రాలకు దాణా పెట్టినవారో వుంటే ఇలాంటివే అడిగి చూడండి. వాళ్ళు కూర్చున్న సీటు ఎంత ఎత్తు, కాళ్ళు ఎక్కడ పెట్టుకునేవారు, చలికాలం చేతులు ఎలా కాచుకునేవారు. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. లారీ అయితే ఇరవైకి ఒకటి, పెద్ద ఓడ అయితే రెండు వందలకు ఒకటి. ఇంట్లో పెట్టుకునే చోటును బట్టి లెక్క ఎంచుకోవచ్చు. పిల్లల లక్కపిడతలు వాడదామనిపిస్తుంది గాని అవి లెక్కకు కుదరవు. గరిటె గిన్నె కంటే పెద్దదిగా వుంటుంది. అట్టముక్కలు, సీసా మూతలు, రేకు ముక్కలు నయం. మాకు పెయింటుతో సహా మొత్తం ఖర్చు ఒక మామూలు నేత చీర ఖరీదు దాటలేదు.

వంటింటికి ఇంత హంగా అనేవాళ్ళు వుంటారు. ఈజిప్టులో మెకెత్రే అనే రాజోద్యోగి సమాధిలోని ఒక గది 1920లో బయటపడింది. సుమారు నాలుగు వేల ఏళ్ళ నాటిది. అందులో చిన్న చిన్న చెక్కబొమ్మల పడవలు దొరికాయి. ఆయన ప్రయాణం చేసే పడవ వెనకాలే వంట చేసుకుంటూ వచ్చే పడవ కూడా వుంది! లోపల వంటవాళ్ళు పనిలో వున్నారు. నాలుగు వేల ఏళ్ళ కిందటి వాళ్ళకే వంట పడవ లేకుండా పడవ సాగదని తెలుసు. కాకపోతే ఆ బొమ్మలు చేసి పోయినాయన పక్కన పెట్టారు. పొయ్యి ఎడమ దిక్కు అని చెప్పడానికి ఆయన లేడు.

పడవ ఇప్పుడు మహబూబాబాదు ఇంట్లో టీవీ పక్కన వుంది. వంటింటి డబ్బా మాత్రం మామయ్యగారి మంచం పక్కన స్టూలు మీద పెట్టించుకున్నారు. వీధిలో పిల్లలు వచ్చి పడవ చూసి టార్పెడోలు ఎక్కడ అంటారు. ఆయన వాళ్ళను పిలిచి ముందు ఈ డబ్బాలో చెయ్యి పెట్టి చూడమంటారు. పోయిన నెలలో పెళ్ళివారింట ఎవరో మళ్ళీ ఆ పాత మాటే ఎత్తితే, "అవును, వంటనే. డెబ్బై అయిదు మందికి" అన్నారు.

పని ఇంకా మిగిలే వుంది. వంటింటి పైకప్పుకు ఉల్లిగడ్డల సంచులు వేలాడేవట, నాలుగు. పడవ ఒరిగితే నాలుగూ కలిసి ఒక వైపు వూగేవట. గోనె దారంతో వాటిని మా ఆడబిడ్డ భూపాలపల్లిలో అల్లుతోంది. లోపల ఆవాలు పోసి కుట్టేస్తే ఉల్లిగడ్డల్లాగే వుంటాయంటుంది. దసరా లోపల ఇస్తానంది.