మిలటరీ వాళ్ళకి ఇచ్చేస్తే సెట్ అయిపోతుందా? మన పక్కనే ఒకసారి ఇచ్చి చూశారు!

ఎప్పట్లాగే మైలవరం నుంచే, మా డాబా మీద గదిలోంచే మాట్లాడుతున్నా. మధ్యలో కింద నుంచి కుక్కర్ విజిల్ వినపడితే ఏమీ అనుకోకండి.

పోయిన నెల మా చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. భోజనాల బంతిలో మా బాబాయ్ పక్కన కూర్చున్నా. ఊరి రోడ్డు గురించి మాట మొదలైంది, అక్కణ్ణుంచి ఎమ్మార్వో ఆఫీసుకి, అక్కణ్ణుంచి రాజకీయాలకి వెళ్ళిపోయింది. అప్పుడు బాబాయ్ అన్నాడు: "ఒరేయ్, ఈ దేశాన్ని ఓ రెండేళ్ళు మిలటరీ వాళ్ళకి అప్పగించాలిరా. అన్నీ వాటంతట అవే దారిలో పడతాయి." బంతిలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. నిజం చెప్తున్నా, నేనూ ఊపాను.

ఇంటికొచ్చాక డౌట్ వచ్చింది. ఇది మన దగ్గర ఎప్పుడైనా నిజంగా జరిగిందా? జరిగింది ఫ్రెండ్స్. ఎక్కడో పాకిస్తాన్‌లోనో బర్మాలోనో కాదు. మన ఇబ్రహీంపట్నం దాటి హైవే ఎక్కి హైదరాబాద్ వైపు వెళ్తే వచ్చే ఊళ్ళలోనే జరిగింది. ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందే ఒక మాట. మన ఛానల్ చూసేవాళ్ళలో అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు, పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెత్తి వచ్చి వీడియో చూస్తారు. ఈ ఎపిసోడ్ ఆర్మీని తక్కువ చేయడానికి కాదు. చివరిదాకా వినండి, తర్వాత తిట్టండి.

సరే, 1948కి వెళ్దాం. అప్పుడు మన కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. జగ్గయ్యపేట అవతల, అంటే ఇప్పుడు మనం గరికపాడు చెక్‌పోస్ట్ దాటి కోదాడ వెళ్తామే, అదంతా నైజాం. ఇంకా తమాషా ఏంటంటే, పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం ఉన్న పరిటాల ఉంది కదా, అది చుట్టూ కృష్ణా జిల్లా ఉండి మధ్యలో నైజాం కింద ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం మాత్రం ఇండియాలో కలవనన్నాడు. రజాకార్ల దాడులకి భయపడి జనం మూటలు కట్టుకుని సరిహద్దు దాటి మన వైపు వచ్చేశారు. బెజవాడ చుట్టుపక్కల పెద్దవాళ్ళని అడగండి, ఎవరో ఒకరి ఇంట్లో ఈ కథ ఉంటుంది.

1948 సెప్టెంబర్ 13న ఇండియన్ ఆర్మీ హైదరాబాద్ రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆపరేషన్ పోలో. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి, ఇంకో దళం మన బెజవాడ వైపు నుంచి ఇదే రోడ్డు మీద. 5 రోజుల్లో అయిపోయింది. 17న నిజాం కాల్పులు ఆపేశాం అని ప్రకటించాడు. 18న హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. ఎవరి ముందు? మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు. అప్పటికి ఆయన వయసు 40.

ఇక్కణ్ణుంచే మన టాపిక్. ఆ చౌధురినే హైదరాబాద్‌కి మిలటరీ గవర్నర్‌గా పెట్టారు. పరిపాలన అధికారం మొత్తం ఆయనకి ఇస్తూ నిజాం ఫర్మానా ఇచ్చాడు. 16 జిల్లాలు, కోటిన్నరకు పైగా జనం, తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు అన్నీ కలిపి ఒక్క యూనిఫాం చేతిలోకి వెళ్ళాయి. సివిల్ పనులు చూడటానికి బఖ్లే అనే ఐసీఎస్ ఆఫీసర్ కింద ఉన్నాడు. పైన మాత్రం జనరలే. 1949 డిసెంబర్ దాకా, అంటే దాదాపు 15 నెలలు ఇదే ప్రభుత్వం. మా బాబాయ్ అడిగిన రెండేళ్ళకి కాస్త తక్కువ.

మరి సెట్ అయిందా? నిజాయితీగా చూద్దాం.

అయినవి ఉన్నాయి. రజాకార్ల సంస్థ కథ ముగిసింది. హైదరాబాద్ రాష్ట్రంలో దాదాపు 30 శాతం భూమి జాగీర్ల కింద ఉండేది. అక్కడ పన్ను వసూలు జాగీర్దారుదే, పెత్తనమూ ఆయనదే. తరతరాలుగా కదలని ఆ వ్యవస్థని 1949 ఆగస్టులో ఒక్క రెగ్యులేషన్‌తో రద్దు చేశారు. నిజాం సొంత ఖర్చుల కోసం ఉన్న సర్ఫ్‌-ఎ-ఖాస్ భూముల్ని కూడా ప్రభుత్వంలో కలిపేశారు. అదే సమయంలో మిగతా రాష్ట్రాల్లో జమీందారీ రద్దు అంటే అసెంబ్లీలో బిల్లు, చర్చ, కోర్టులో కేసు, ఇలా సాగుతోంది. ఇక్కడ సంతకం పెట్టారు, అయిపోయింది. బాబాయ్ వింటే చప్పట్లు కొడతాడు.

ఇప్పుడు రెండో వైపు. పోలీస్ చర్య జరుగుతున్నప్పుడు, తర్వాతి రోజుల్లో రాష్ట్రంలో ముస్లింల మీద పెద్ద ఎత్తున హింస జరిగింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. అంతకుముందు రజాకార్లు చేసిన దారుణాలకి ప్రతీకారం అన్నారు, కానీ చనిపోయినవాళ్ళలో రజాకార్లతో ఏ సంబంధమూ లేనివాళ్ళు బోలెడుమంది. సంగతి ఢిల్లీకి చేరితే నెహ్రూ ఒక బృందాన్ని పంపారు. పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ వాళ్ళు. ఊళ్ళు తిరిగి రిపోర్ట్ రాశారు. తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. చాలాచోట్ల సైనికులు జనాన్ని కాపాడారని కూడా రాశారు, కొన్నిచోట్ల సైన్యంలో వాళ్ళే అందులో పాల్గొన్నారని కూడా రాశారు. ఈ అంకె మీద ఇప్పటికీ వాదన ఉంది.

నా పాయింట్ అంకె గురించి కాదు. ఆ రిపోర్ట్‌ని ప్రభుత్వం బయటపెట్టలేదు. దశాబ్దాల పాటు మామూలు జనానికి అది ఉందనే తెలియదు.

ఎందుకు కుదిరింది అలా? ఆలోచించండి. హైదరాబాద్‌లో అప్పుడు ఎన్నికైన అసెంబ్లీ లేదు. "మా ఊళ్ళో ఏం జరిగింది, ఎవరి మీద కేసు పెట్టారు?" అని లేచి అడిగే ఎమ్మెల్యే లేడు. జాగీర్ల రద్దు ఒక్క సంతకంతో అవ్వడానికి కారణం ఏదో, ఈ రిపోర్ట్ బీరువాలో ఉండిపోవడానికి కారణం కూడా అదే. అడ్డం పడేవాడు లేడు, అడిగేవాడూ లేడు. స్పీడ్ కావాలంటే ఆ మౌనం కూడా దాంతోపాటే వస్తుంది, విడివిడిగా అమ్మరు.

నా జాబ్ రోజుల్లో ఒకటి గుర్తొస్తోంది. ఒక రాత్రి లైవ్ సిస్టమ్‌లో ప్రాబ్లం వచ్చింది. నా దగ్గర అడ్మిన్ యాక్సెస్ ఉంది. రివ్యూ అంటే రెండు గంటలు పడుతుందని, ఎవరికీ చెప్పకుండా నేనే డైరెక్ట్‌గా మార్చేశాను. పది నిమిషాల్లో ఫిక్స్. అందరూ భలే అన్నారు. మూడు వారాల తర్వాత కస్టమర్ల బిల్లులు తప్పు వస్తున్నాయి. ఏం మారింది, ఎవరు మార్చారు అంటే ఎక్కడా రికార్డ్ లేదు. నేను కూడా వెంటనే నోరు విప్పలేదు, భయమేసింది. నేను చెడ్డవాణ్ణని కాదు ఫ్రెండ్స్. అడిగేవాడు లేనప్పుడు మంచివాడు కూడా అలాగే చేస్తాడు.

చౌధురి కూడా చెడ్డవాడని నేను అనట్లేదు. ఢిల్లీ వచ్చేయమనగానే కుర్చీ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఇది చిన్న విషయం కాదు. 1958లో పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ కుర్చీ ఎక్కి, దిగడానికి పదేళ్ళు పైనే పట్టింది. తర్వాత జియా, ముషారఫ్. అక్కడ జనరల్‌కి "దిగు" అని చెప్పేవాడు లేడు. ఇక్కడ ఉన్నాడు. చౌధురి పైన నెహ్రూ, పటేల్ ఉన్నారు. కాకపోతే వాళ్ళు ఢిల్లీలో ఉన్నారు. నల్గొండ రైతుకి, నాందేడ్ ముసలమ్మకి మాత్రం దింపే పవర్ లేదు.

చౌధురి తర్వాత ఎం.కె. వెల్లోడి అనే ఐసీఎస్ ఆఫీసర్ వచ్చారు. యూనిఫాం పోయింది, కానీ ఆయనా ఢిల్లీ పెట్టిన మనిషే. ఈ కాలంలోనే బయటి రాష్ట్రాల నుంచి, మన మద్రాసు రాష్ట్రం వైపు నుంచి కూడా, ఆఫీసర్లని ఉద్యోగులని హైదరాబాద్‌కి తెచ్చారు. స్థానికుల్ని అడిగి చేసిన పని కాదు. ఆ కోపం 1952లో ముల్కీ ఉద్యమంగా బయటపడింది, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆంధ్ర, తెలంగాణ గొడవ మూలాల గురించి మాట్లాడేవాళ్ళు ఈ ముక్క తప్పకుండా గుర్తుచేస్తారు. ఎన్నికల తర్వాత 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. జనం ఓటు వేసి పెట్టుకున్న ప్రభుత్వం హైదరాబాద్‌కి అప్పుడు వచ్చింది.

అంటే మిలటరీ నుంచి వచ్చినవాళ్ళు ప్రభుత్వంలో అసలు ఉండకూడదా? కాదు. ఇంకో ముగ్గుర్ని చూద్దాం.

ఒకటి, జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్. 1955 నుంచి 57 దాకా ఆర్మీ చీఫ్. 1962 సెప్టెంబర్ నుంచి 1964 మే దాకా మన ఆంధ్రప్రదేశ్ గవర్నర్. ఇక్కడ ఒక తమాషా ఉంది. 1962 నవంబర్‌లో, చైనా యుద్ధం మధ్యలో, చౌధురి ఆర్మీ పగ్గాలు పట్టారు. అంటే హైదరాబాద్ రాజ్‌భవన్‌లో మాజీ ఆర్మీ చీఫ్, ఢిల్లీలో ఆర్మీ చీఫ్‌గా హైదరాబాద్ మాజీ మిలటరీ గవర్నర్! అయినా మన రాష్ట్రంలో ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకంటే రాజ్యాంగం ప్రకారం గవర్నర్ మంత్రివర్గం సలహా మీద నడవాలి. అసెంబ్లీ ఉంది, ముఖ్యమంత్రిగా నీలం సంజీవరెడ్డి ఉన్నారు. కుర్చీలో జనరల్ ఉన్నా నిర్ణయం ఎన్నికైనవాళ్ళదే.

రెండు, మన తెలుగువాడు, జనరల్ కె.వి. కృష్ణారావు. 1981 నుంచి 83 దాకా ఆర్మీ చీఫ్. రిటైరైన మరుసటి ఏడాదే ఈశాన్య రాష్ట్రాలకి గవర్నర్. తర్వాత జమ్మూకశ్మీర్‌కి రెండుసార్లు. 1993 మార్చిలో రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడ ముఖ్యమంత్రే లేరు, రాష్ట్రపతి పాలన. 1996 అక్టోబర్‌లో ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వం వచ్చేదాకా, మూడున్నరేళ్ళకు పైగా ఒక మాజీ ఆర్మీ చీఫే అక్కడి పాలన చూశారు. ఆయన హయాంలోనే ఎన్నికలు జరిగాయి, అధికారం అప్పగించారు. అది ఆయనకి దక్కాల్సిన క్రెడిట్. కానీ శ్రీనగర్‌లో ఉన్న మన వయసు కుర్రాడి వైపు నుంచి చూడండి. వీధిలో చెక్‌పోస్ట్ దగ్గర యూనిఫాం, రాజ్‌భవన్‌లో కూడా మాజీ యూనిఫాం. ఇక ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి?

మూడు, ఉత్తమ్ కుమార్ రెడ్డి. ఒకప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్ విమానాలు నడిపిన మనిషి. 1999లో మన పక్కనే కోదాడ నుంచి ఎమ్మెల్యే. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ నీటిపారుదల మంత్రి. కృష్ణా నీళ్ళ విషయంలో ఆయన మాటలు మన డెల్టా రైతులకి నచ్చకపోవచ్చు. అది వేరే ఎపిసోడ్. కానీ ఆయన ఊరూరూ తిరిగి దండం పెట్టి ఓటు అడిగి వచ్చారు. నచ్చకపోతే అక్కడి ఓటరు అయిదేళ్ళకి ఇంటికి పంపొచ్చు.

ఇప్పుడు నలుగుర్నీ పక్కపక్కన పెట్టండి. నలుగురూ యూనిఫాం వేసుకున్నవాళ్ళే. తేడా ఒక్క దాంట్లోనే ఉంది: జనం దింపగలరా, జనం తరఫున అడిగే సభ ఉందా.

మన పెద్దవాళ్ళకి ఇది తెలుసు. బ్రిటిష్ కాలంలో కమాండర్-ఇన్-చీఫ్ అంటే వైస్రాయ్ కౌన్సిల్‌లో మెంబర్, అంటే ప్రభుత్వంలో భాగం. ఢిల్లీలో ఆయన కోసం కట్టిన పెద్ద బంగళా తీన్‌మూర్తి భవన్. స్వాతంత్ర్యం వచ్చాక దాంట్లోకి ఎవరు మారారో తెలుసా? ప్రధాని నెహ్రూ. 1955లో కమాండర్-ఇన్-చీఫ్ అనే పదవే తీసేశారు. రాజ్యాంగంలో త్రివిధ దళాల సుప్రీం కమాండ్ రాష్ట్రపతిది, నడిపేది ఎన్నికైన ప్రభుత్వం. అమెరికా వాళ్ళయితే 1947లోనే చట్టం చేశారు: మిలటరీ ఆఫీసర్ రిటైరై పదేళ్ళు గడిస్తేగానీ రక్షణ మంత్రి కాకూడదు. తర్వాత 2008లో ఏడేళ్ళు చేశారు. 1950లో మార్షల్, 2017లో మాటిస్, 2021లో ఆస్టిన్, ముగ్గురికీ పార్లమెంటు స్పెషల్ పర్మిషన్ ఇవ్వాల్సి వచ్చింది. మన దగ్గర గవర్నర్ పదవికి అలాంటి గ్యాప్ రూల్ లేదు. ఉండాలా వద్దా? కామెంట్‌లో చెప్పండి. నేనైతే ఉండాలంటాను. ఒక రెండేళ్ళయినా.

అగ్నివీర్ తమ్ముళ్ళకి ఇప్పుడు చెప్తున్నా. మీరు రేపు సరిహద్దులో నిలబడితే జనం చప్పట్లు కొడతారు, ఎందుకంటే మీరు ఏ పార్టీవాళ్ళూ కాదు. అదే సైన్యం పన్నులు వసూలు చేసి, రేషన్ కార్డులు ఇచ్చి, భూతగాదాలు తీరుస్తుంటే ఆరు నెలల్లో జనం ఎమ్మార్వోని తిట్టినట్టే తిడతారు. ఆ యూనిఫాం గౌరవం అలాగే ఉండాలంటే ఆ కుర్చీకి దూరంగా ఉండటమే మంచిది.

పోయిన ఆదివారం బాబాయ్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. చివర్లో, "అంతా బానే ఉందిరా. మరి మా రోడ్డు ఎవడు వేస్తాడు?" అన్నాడు. నా దగ్గర గొప్ప సమాధానం లేదు ఫ్రెండ్స్. "బాబాయ్, ఇప్పుడు నువ్వు ఎమ్మెల్యేని తిట్టినా రాత్రికి నిద్రపోతున్నావు కదా, అది ఉంచుకుందాం. రోడ్డు గురించి సోమవారం అర్జీ పెడదాం పద, నేనూ వస్తా" అన్నాను.

అర్జీ నేనే టైప్ చేశాను. ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. అప్పటిదాకా మీ ఇంట్లో పెద్దవాళ్ళని 1948 గురించి ఒక్కసారి అడగండి, ఏం చెప్పారో రాయండి. ఉంటాను, బై.