లక్క కింద దాగని పగులు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

ఉక్కు నగరంలో టర్నరుగా రిటైరయ్యాక ఏటికొప్పాక లక్కబొమ్మల పని నేర్చుకున్నాను. "ఇనుమునే తిప్పినవాడికి కర్ర ఒక లెక్కా?" అని మనవాళ్లు ఆటపట్టించారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇనుప కడ్డీ ఎటు కోసినా ఒకటే. కర్రకు నార ఉంటుంది. కొమ్మ మొలిచిన చోట ఆ నార దారి మళ్లుతుంది. అదే ముడి. ఉలి అక్కడికి రాగానే తడబడుతుంది, నార లేచిపోతుంది.

వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కనుక రంగు మంచిదై ఉండాలి. మరి లోపలి కర్ర?

మొదటి ఏడాది ఒక బొంగరంలో సన్నని పగులు కనిపించింది. రంపపు పొట్టు, జిగురు కలిపి కూరేశాను. లేత్ మీద తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పరుచుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. ఆ మెరుపులో పగులు నాకే కనిపించలేదు. బొంగరం మా మనవరాలికిచ్చాను. వానలు పోయి ఎండలు రాగానే కర్ర ఆరి నిలువునా విచ్చింది. అంచు దాని వేలికి గీరుకుంది. "తాతా, ఇది ముందే పగిలిందా?" అంది. అవునని చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. పచ్చికర్రను నీడన నిదానంగా ఆరనిస్తాను. తేమ ముందు చివరల నుంచే పోతుంది, పగుళ్లూ అక్కడే మొదలవుతాయి. అందుకే చివరలకు మైనం పూస్తాను. అయినా పగిలితే అంతమేరా కోసేస్తాను. దుంగ నడిమి బెండు బొమ్మలోకి రానివ్వను. గట్టి ముడి ఉంటే బొమ్మ లావు భాగంలోకి వచ్చేలా చూస్తాను. సన్నని మెడలో పడితే విరుగుతుంది. అక్కడ ఉలి బాగా నూరి, లావు వైపు నుంచి సన్నం వైపుకు పలచగా చెక్కుతాను. ముడి కదిలితే ఆ ముక్క పొయ్యిలోకే.

మన క్రాఫ్ట్ మాస్టారు, "రంగు తరవాత వేద్దువుగాని, ముందు కర్ర చూపించరా" అనేవారు. ఆ మాట యాభై ఏళ్లకు అర్థమైంది.

ఈ రోజు బడి పిల్లల కోసం 50 బొంగరాలు తెచ్చాను. తిప్పినవి 56. లక్క వేయకముందే వెలుతురులో చూసి ఆరు పక్కన పెట్టేశాను. మాస్టారూ, మిగతావి మీరు ఒకసారి చూడండి.