సాధ్యాసాధ్యములు: జీర్ణాశయ క్యాన్సరులో జన్యుచిహ్నముల కథ

(కొత్తగూడెములో డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము చేసిన ప్రసంగము)



సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టుట, మద్రాసులో వైద్యవిద్య, అమెరికా ప్రయాణము, లెడర్లీ ప్రయోగశాలలోని పరిశ్రమ, ఇవన్నియు మీ పిల్లలు సైతము పాఠములలో చదివినవే కావున మరల అప్పగింపను. ఒక్క ముచ్చట మాత్రము నాకు కావలెను. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను పోషణలోప వ్యాధికి బలియైరి. తనకును ఆ వ్యాధియే సోకినప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్స ఆయనను గట్టెక్కించినది. ఆ స్ప్రూకు మందుగా తేలిన ఫోలిక్ ఆమ్లమును 1945లో లెడర్లీలో కృత్రిమముగా తయారుచేసినది ఆయన బృందమే.

ఆయుర్వేదమున వైద్యుడు రోగిని చూడగానే తనలో తాను వేసికొనవలసిన ప్రశ్న సాధ్యాసాధ్యములను గూర్చినది. సుఖసాధ్యము, కృచ్ఛ్రసాధ్యము, మందుతో నిలువరించి బ్రతికింపదగిన యాప్యము, చేయి విడువవలసిన ప్రత్యాఖ్యేయము అని చరకుని విభాగము. నేటి వైద్యులు ప్రోగ్నోసిస్ అనునది దీనినే. సోదరులనాటికి ప్రత్యాఖ్యేయమైన వ్యాధి సుబ్బారావుగారి చేతిమీదుగా సాధ్యమైనదనగా వ్యాధి స్వభావము మారినదని కాదు, మందు వచ్చినదని. ఈ మాటను చెవిలో ఉంచుకొనుడు. ఆవల అక్కరకు వచ్చును.

ఇక జీర్ణాశయ క్యాన్సరు మాటకు వత్తము. బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు 1881 జనవరి 29న వియన్నాలో జీర్ణాశయపు భాగమును కోసి తీసివేసి రోగిని బ్రతికించుటయు, ఆమె నాలుగు నెలలైనను నిండకయే మరణించుటయు విద్యార్థులకు కంఠస్థములు. ఆ తరువాత డెబ్బది ఏండ్లు కత్తిదే రాజ్యము; ఆ కథ నాకు రుచింపదు.

నా మనసు నిలిచినది 1953లో. పాత సంపుటములను తిరగవేసి నేను ఏరుకొన్న కథ ఇది. లండనులో ఇయన్ ఎయిర్డ్ అను శస్త్రవైద్యుడు తన సహచరుడు బెంటాల్‌తోను, ఫ్రేజర్ రాబర్ట్స్ అను జన్యుశాస్త్రజ్ఞునితోను కలిసి జీర్ణాశయ క్యాన్సరు రోగుల రక్తపు గ్రూపులను లెక్కింపబూనెను. ఇంగ్లండు ఉత్తరభాగమున ఈ రోగము హెచ్చు; అక్కడ ఓ గ్రూపువారును హెచ్చు. కావున రోగులలో ఓ గ్రూపే ముందుండవలెనని ఊహ. లెక్క ముగియునప్పటికి ముందున్నది వేరొకటి. ఏ గ్రూపని మీరడిగిన, ఏ గ్రూపే అని నేను బదులు చెప్పవలసి వచ్చును. మన భాషలో ఈ చిక్కు తప్పదు. ఓ వారికంటె ఏ వారికి ముప్పు సుమారు అయిదవవంతు అధికము. తల్లిదండ్రుల నుండి సంక్రమించు సామాన్యలక్షణమొకటి ఈ క్యాన్సరుతో ముడిపడుట అంతకుముందు ఇంత పెద్ద లెక్కలో ఎవరును చూపలేదని నా మతము. మరుసటి ఏడే జీర్ణకోశపు పుండ్లకు ఓ గ్రూపుతో సంబంధము కలదని ఎయిర్డ్ బృందము చూపినది.

దీనిపై అలెగ్జాండర్ వీనర్ విరుచుకుపడెను. రీసస్ కారకమును కనుగొన్నవారిలో ఒకడు, సామాన్యుడు కాడు. ఆ పక్షమువారి వాదము మన ఊరి పోలికతో చెప్పెదను. గనిపనికై పరజిల్లాల నుండి, పరరాష్ట్రముల నుండి వచ్చినవారు ఇక్కడ ఎందరో. అడవిపల్లెల కోయలు తరతరములుగా ఇక్కడివారు. రోగులను ఒక జనము నుండియు, పోల్చదగు ఆరోగ్యవంతులను వేరొక జనము నుండియు తీసికొన్నచో, గ్రూపులలో కనబడు తేడా రోగము వలననా, పుట్టుక వలననా? ప్రశ్న న్యాయమైనదే. కాని 1955లో బార్నెట్ వుల్ఫ్ దానికి దారి చూపెను: ఏ ఊరి రోగులను ఆ ఊరివారితోనే పోల్చి, పిమ్మట ఊళ్ళ ఫలితములను కలుపవలెను. అట్లు కలిపినను తేడా నిలిచినది. అయినను, 1953 నాటి మాటను పాతిపెట్టి చాల కాలమైనదని నా మిత్రులు కొందరు నేటికిని నవ్వుచుందురు. వారికి నేను 1993 నాటి బోరెన్ పరిశోధనను చూపుదును. జీర్ణాశయములో కాపురముండు హెలికోబాక్టర్ అను బాక్టీరియా లోపలి పొరను పట్టుకొనునది రక్తపు గ్రూపులకు సంబంధించిన చక్కెర కొసలనే! గ్రూపునకును కడుపునకును చుట్టరికము లేదన్నవారు అక్కడ తగ్గవలసినదే. నిజాయితీగా ఇంకొక మాటయు చెప్పవలెను. ఆ పట్టు ఓ గ్రూపువారి పుండ్ల కథకు కుదిరినంతగా ఏ గ్రూపువారి క్యాన్సరు కథకు కుదురదు. కనుక నేను గెలువలేదు, ఓడనులేదు.

అసలు లోపము వీనర్ పట్టనిది. రోగమెవరికి వచ్చునను ప్రశ్న వేరు, వచ్చినవానికి ఏమగునను ప్రశ్న వేరు. ఎయిర్డ్ చిహ్నము మొదటిదానికే బదులు చెప్పును. ఏ గ్రూపు రోగి ఎన్నాళ్ళుండునో దానికి తెలియదు. ఈ రెంటిని కలిపి చూచుట నా వృత్తిలో నిత్యము కనబడు పొరపాటు.

హెలికోబాక్టర్ మాట వచ్చినది గనుక, మనదేశములో దాని వ్యాప్తి మెండైనను క్యాన్సరు ఆ మేరకు లేకుండుట పండితులను తికమకపెట్టిన సంగతి. హైదరాబాదులో నియాజ్ అహ్మద్‌గారి బృందము 2007లో మనదేశపు హెలికోబాక్టర్ వంశమును వెదకి, మూలములు ఐరోపా జాతులతో కలియుచున్నవని చూపినది. రోగి జన్యువులే గాక అతనిలోని క్రిమి జన్యువులను కూడ చదువవలెనని దీనితో తెలిసినది.  

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. ఇక పరుగే. 1998లో ఈ క్యాన్సరు వంశపారంపర్యముగా వచ్చు న్యూజిలాండులోని మావోరీ కుటుంబమొకదానిలో గిల్‌ఫర్డ్ బృందము సీడీహెచ్-1 జన్యువు చెడియుండుట కనుగొన్నది. కణములను ఒకదానికొకటి అంటిపెట్టు బంకను తయారుచేయునది ఆ జన్యువు. అది చెడిన కణములు దారము తెగిన పూసలవలె చెదరును. 2010లో టోగా అను పరీక్ష: కణుతిలో హెర్-2 అను ప్రోటీను అధికముగా గల 594 మందిలో, మామూలు మందులకు ట్రాస్టుజుమాబ్ కలిపి పుచ్చుకొన్నవారి మధ్యస్థ ఆయువు 11.1 నెలల నుండి 13.8కి పెరిగినది. ఆ చిహ్నము రోగి జాతకమును చెప్పునా అని వాదించుచుండగనే, మందును ఎన్నుకొనుటకు అది ఆనవాలైనది. యాప్యమనగా ఇదియే. 2014లో 295 కణుతులను చదివి నాలుగు తెగలుగా విడదీసినారు; వానిలో మైక్రోశాటిలైట్ అస్థిరత అను తెగకు చెందినవారు శస్త్రచికిత్స పిమ్మట మేలుగా నిలుచుట కనబడుచున్నది. క్లాడిన్ 18.2 అను గురి, దానికై జోల్బెటుక్సిమాబ్ అను మందు, అది నిన్న మొన్నటిది. శస్త్రచికిత్సకు ముందువెనుకల ఇచ్చు నాలుగు మందుల కూర్పులో ల్యూకోవొరిన్ ఒకటి. అది సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లమునకు దగ్గరి చుట్టము.

గంట మ్రోగినది. వెనుక బల్లపై సూక్ష్మదర్శిని నుంచినాను. అందులోని జీర్ణాశయ క్యాన్సరు గాజుపలకపై గులాబిరంగు నేలలో కణములు ఒంటరిగా చెదరియుండును. ప్రతిదాని కేంద్రకము ఒక అంచునకు నొక్కబడి, ఉంగరమునకు పొదిగిన ముద్రవలె నుండును. ముద్రాంగుళీయక కణములని పేరు. భద్రాద్రి నీడలో బ్రతుకు మనకు ముద్రిక యనిన సీతమ్మకు అందిన శుభవార్తయే తోచును గాని, నలభై ఏండ్లు ఈ పలకలు చూచిన నాకు ఆ ఉంగరము కనబడినప్పుడెల్ల చేయి కొంత చల్లబడెడిది. చూడగోరువారు వరుసగా రండు. ఎడమచేతి మర నెవరును త్రిప్పవద్దు.