గింజ మీద హక్కు ఎవరిది?

(మంత్రాలయంలో మహిళా సంఘాల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం మాట్లాడుకోబోయే విషయం పైకి చిన్నదిగానే కనబడుతుంది. ఆపద వచ్చిన రోజున ఇంట్లో ఏముండాలి, ఎక్కడుండాలి, అది ఎవరి చేతిలో ఉండాలి. మొదటి రెండూ వంటింటి ప్రశ్నలే. మూడోది మాత్రం హక్కుల ప్రశ్న. అందుకే దీన్ని సంఘంలో పెట్టి మాట్లాడుకుంటున్నాం.

మన సీమకు కరువు కొత్త కాదు. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఈ ఊళ్లు అప్పట్లో బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేవి. కరువు పనుల్లో మగకూలీకి 1877లో ఇంగ్లీషు ప్రభుత్వం ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను గింజ, ఒక అణా. పౌను అంటే సుమారు 450 గ్రాములు. పని చేసే మనిషి దాంతో బతకలేడని మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి డాక్టర్ కోర్నిష్ అప్పుడే గట్టిగా వాదించాడు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కరువు తెలిసిన మనకు వరద అంటే ఏమిటో 2009లో తెలిసింది. ఆ ఏడు ముంగారు వానలు దేశమంతటా బాగా తగ్గాయి. చేలు ఎండుతుంటే ఆకాశం వైపు చూశాం. తీరా అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర ఊరి మీదికే వచ్చింది. మంత్రాలయంలో మఠమూ మునిగింది, ఇళ్లూ మునిగాయి. అటు కర్నూలు పట్టణమూ మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చింది. ఒకే ఏడాదిలో ఎండా మనదే, వరదా మనదే.

ఆ వరద ఒక సంగతి నేర్పింది. కరువుకు పనికొచ్చే ఏర్పాటు వరదకు పనికి రాకపోవచ్చు. మన పెద్దలు జొన్నలు పాతరలో పోసి, ఏళ్ల తరబడి పాడుకాకుండా దాచుకునేవాళ్లు. గాలి తగలకపోతే పురుగు బతకదు, అదీ పాతర కిటుకు. అదే పాతరలోకి నీళ్లు దిగితే గింజంతా కుళ్లిపోతుంది. నేల మీద పెట్టిన గాదెదీ అదే గతి. కాబట్టి ఉన్న గింజంతా ఒకచోట పెట్టకండి. పది రోజుల తిండి అటక మీద ఉండాలి. విత్తనాలు బాగా ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి, మూత బిగించి, ఇంకో చోట పెట్టాలి. తిండి గింజ పోతే ఒక నెల పస్తు, విత్తనం పోతే ఏడాది పస్తు. ఏటి ఒడ్డు ఊరి సంఘం తన విత్తనంలో కొంత మెరక ఊరి సంఘం దగ్గర దాచుకోవచ్చు. ఖర్చు లేని పని ఇది. కావలసింది నమ్మకం ఒక్కటే.

పొయ్యి వెలగని రోజులకు బొరుగులు, వేయించిన శనగలు, బెల్లం, ఎండబెట్టిన జొన్న రొట్టెలు చేతికందే చోట పెట్టుకోండి. అగ్గిపెట్టె, ఉప్పు, రేషన్ కార్డు, పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబు కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచండి. వరద నీరు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు బాగా మరగబెట్టి తాగండి. విరేచనాలైతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి తాగించండి. స్పూన్లు తలకొట్టి కొలవాలి. నెలసరి గుడ్డలు కూడా ఆ మూటలోనే ఉండాలి. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కర లేదు. పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకు చాటు, మరుగుదొడ్డి, నిండు చూలాలికి ఆస్పత్రికి పోయే వాహనం అడిగి తీసుకోవడం మన హక్కు.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం ప్రకారం మామూలు కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోలు. రోజుకు లెక్కేస్తే 166 గ్రాములు. ధాత కరువు నాటి గింజలో సగం కూడా కాదు. ఇది మొత్తం తిండి అని చట్టం అనలేదు, నిజమే. మిగతాది ఎక్కడి నుంచి రావాలి? ఐదుగురున్న ఇంటికి కార్డు మీద 25 కిలోలు వస్తాయి. చిన్నాపెద్దా కలిపి తలకు 400 గ్రాములు వేసుకున్నా నెలకు 60 కిలోలు కావాలి. తక్కువ పడే 35 కిలోలు కొనాలి, లేదా పండించుకోవాలి. రెండూ కుదరనప్పుడు ఎవరి కంచంలో మొదట తగ్గుతుందో నేను చెప్పనక్కర లేదు. అందరికీ పెట్టి చివర తినేది ఎవరో ఆమె కంచంలోనే తగ్గుతుంది.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. రేషన్ కార్డు విషయంలో 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దామె ఇంటి యజమాని. మీ కార్డు తీసి చూసుకోండి, ఎవరి పేరుందో. సుగ్గికి పోయే వాళ్లు కార్డు ఇక్కడ వదిలిపెట్టి పోనక్కర లేదు. గుంటూరు వైపు పోయినా, వేరే రాష్ట్రం పోయినా, అక్కడి డిపోలో సరుకు తీసుకునే వీలు ఇప్పుడు ఉంది.

పండించుకోవడం గురించి. పెరట్లో కూరగాయలు వేసుకోండమ్మా అని ఆడవాళ్లకు చెప్పిపోవడం చాలా సులభం. మూడు బిందెల నీళ్ల కోసం మైలు నడిచే మనిషికి అది ఇంకో చాకిరీ. రెండు సెంట్ల ఇంటి జాగా కూడా లేని వాడల్లో పెరడనే మాటే లేదు. ఒక చెల్లెలు నన్ను అడిగింది: "నాలుగు నెలలు సుగ్గికి పోతాం, మొక్కకు నీళ్లెవరు పోస్తారక్కా?" న్యాయమైన ప్రశ్న. మన బతుకుకు సరిపోయేవే వేసుకోవాలి. మునగ, కరివేపాకు ఒకసారి నిలదొక్కుకుంటే మనం లేకున్నా బతుకుతాయి. పుంటికూర, మటిక, సొర, చిక్కుడు ముంగారులో వేస్తే చాలావరకు మనం బయలుదేరేలోపు కోతకు వస్తాయి. ఆకు నీడన ఎండబెట్టి, మటికకాయలు వరుగులు చేసుకుంటే వేసవికి పనికొస్తాయి. నీళ్లు స్నానాల దగ్గర పారేవి చాలు. మోసే పని, పోసే పని ఇంట్లో మగవాళ్లకూ పంచండి.

చేను సంగతి ఇంకా పెద్దది. చేనంతా పత్తీ మిరపే అయితే డబ్బు వచ్చినా గింజ రాదు. ధర పడితే రెండూ లేవు. ఎకరంలో నాలుగు సాళ్లు కొర్ర, జొన్న, మధ్యలో కంది, అలసంద వేయమని అడగండి. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది. ఏ విత్తనం వేయాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే అసలు ప్రశ్న. పొలం పని చేసేది మనం, పట్టా వాళ్లది. ఆస్తిలో కూతురికి సమాన వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులో ఉంది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. చట్టం ఉంది, అడిగే వాళ్లు తక్కువ.

సెంటు భూమి లేనివాళ్లు ఏం చేయాలి? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పని చేస్తోంది. అక్కడి సంఘాల్లో ఎక్కువ మంది దళిత స్త్రీలే. 1990లలో వాళ్లు బీడు పడ్డ భూములను సాగులోకి తెచ్చేందుకు అప్పులిచ్చారు, ఆ బాకీని జొన్నల రూపంలో తిరిగి కట్టించుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, ఆకలి నెలల్లో పేదవాళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు ఎంత పేదో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లదీ మెట్టే, మనదీ మెట్టే.

ఒక్క మాట మరవకండి. మనం దాచుకున్నంత మాత్రాన ప్రభుత్వం బాధ్యత తీరిపోదు. వరద హెచ్చరిక వేళకు రావాలి, డిపోలో గింజ ఉండాలి, ఉపాధి పని కరువు నెలల్లో దొరకాలి, నష్టపరిహారం ఆడవాళ్ల పేరున కూడా రావాలి. మన అటక మీది పది రోజుల గింజ వాళ్ల పని తగ్గించడానికి కాదు. వాళ్లు వచ్చేదాకా మనం బతికి ఉండి, రాకపోతే నిలదీయడానికి.

ఈ సమావేశం అయిపోయేలోపు ప్రతి సంఘం మూడు పనులు రాసుకోవాలని కోరుతున్నాను. ఎన్ని ఇళ్లలో కార్డు ఆడవాళ్ల పేరున ఉందో లెక్క. సంఘం విత్తనం దాచే ఇల్లు ఏది, మెరక ఊరు ఏది. ఈ ముంగారులో ఎన్ని ఎకరాల్లో తిండి సాళ్లు వేయిస్తారు. వచ్చే సమావేశానికి ఆ కాగితంతోనే రండి.