నూల్‌కోల్: గడ్డా, ఆకూ



వంట గురించి మాట్లాడమంటే బడిపంతులు వచ్చి కూర్చున్నాడేమిటని మీకు అనిపించవచ్చు. మూడేళ్ళుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా మా ఇంట్లో వంట నాదే. నా భార్య కూడా ఉపాధ్యాయినే. ఆమెకు వేరే తాలూకాకు బదిలీ అయింది. శనివారం మధ్యాహ్నం వస్తుంది, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ బస్సెక్కుతుంది. మిగిలిన రోజుల్లో ఇంట్లో ఇద్దరు పిల్లలు, డెబ్బై ఆరేళ్ళ మా అమ్మ, నేను. కాబట్టి ఈ పూట నేను చెప్పబోయేవి చాలావరకు ఒకసారి చెడగొట్టి నేర్చుకున్నవే.

నేను చెప్పదలచిన కూరగాయ పేరు, మీరు ఏ ఊళ్ళో కూర్చుని వింటున్నారో దాన్ని బట్టి మారుతుంది. మా కోలారు సంతలో అది నవిలుకోసు. కొందరు గెడ్డెకోసు అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు వెళితే నూక్కోల్. షోలాపూరులో నవలకోల్, బరంపురంలో ఓల్‌కోబి. తెలుగులో రాసేటప్పుడు నూల్‌కోల్ అని రాస్తాం. అది మన మాట కాదు. డచ్చి భాషలో క్నోల్ అంటే గడ్డ, కోల్ అంటే కోసు. ఆ రెండూ కలిసి మన దేశపు ఇంగ్లీషులో నోల్‌కోల్ అయింది, అక్కడినుంచి మన నోటికి వచ్చింది. నూల్‌కోల్‌లో నూలు ఏదని మీరు అడగవచ్చు. ముదిరిన గడ్డ కొనండి, కావలసినంత దొరుకుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కన్నడంలో నవిలు అంటే నెమలి. నేను పాఠం చెప్పేది కన్నడ మాధ్యమంలో. ఆరో తరగతిలో ఒక పిల్లవాడు, "ఇందులో నెమలి ఎక్కడుంది సార్?" అని అడిగాడు. గడ్డ చుట్టూ కాడలు పైకి విచ్చుకుని ఉంటాయి కదా, అదే పింఛం అనుకో అన్నాను. పేరు అలాగే వచ్చిందని నేను పూచీ పడను గాని, పిల్లవాడు ఒప్పుకున్నాడు.

అదే తరగతిలో ఇంకో ప్రశ్న వేశాను. ఇది వేరా, కాండమా? అందరూ వేరే అన్నారు. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ పక్కన పెట్టి అమ్ముతారు కనుక పెద్దవాళ్ళు కూడా అలాగే అనుకుంటారు. ఇది వేరు కాదు. నేలకు కాస్త పైన, కాండమే ఉబ్బి గుండ్రంగా అవుతుంది. అందుకే దాని ఒంటి మీద ఆకు కాడలు ఊడిన మచ్చలు ఉంటాయి. వేరు మీద అలాంటి మచ్చలు ఉండవు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఇదీ ఒకే జాతి మొక్కలు. ఒకదానిలో మొగ్గ పెరిగింది, ఒకదానిలో పూగుత్తి పెరిగింది, దీనిలో కాండం పెరిగింది. ఈ పాఠం వంటింట్లో ఎందుకంటారా? కాండం ముదిరితే కట్టె అవుతుంది. అది గుర్తుంటే సంతలో మోసపోరు.

నేను మోసపోయాను. వంట నా చేతికి వచ్చిన మొదటి నెలలో, ధర ఒకటే అంటే, ఆశపడి అన్నింటికంటే పెద్దవి మూడు ఏరుకుని వచ్చాను. కొబ్బరికాయంత ఉన్నాయి. ముక్కలు కోసి కుక్కర్‌లో నాలుగు కూతలు రానిచ్చాను. గట్టిగానే ఉన్నాయి. ఇంకో నాలుగు. ఆ రాత్రి పిల్లలు నోట్లోంచి పీచు లాగి కంచం అంచున పేర్చారు. మా చిన్నది, "నాన్నా, ఇది కూరా, తాడా?" అంది. మా అమ్మకు పళ్ళు లేవు. ఆమె ఏమీ అనలేదు. మజ్జిగ పోసుకుని అన్నం తిని లేచింది. ఆ లేవడమే నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి మొదటి మాట. గడ్డ మీ గుప్పిట్లో ఇమిడేంత ఉండాలి, అంతకన్నా పెద్దది వద్దు. చర్మం నిగనిగలాడాలి, పగుళ్ళు ఉండకూడదు, చేతిలో బరువు తెలియాలి. లేత ఆకుపచ్చదైనా, ఊదారంగుదైనా తేడా చర్మంలోనే. లోపల రెండూ తెల్లనివే. పైచర్మాన్ని గీకుడు పీటతో పైపైన గీకితే సరిపోదు. చర్మం కింద ఇంకో పీచు పొర ఉంటుంది. అడుగుభాగం అర అంగుళం కోసి పారేసి, అక్కడినుంచి పైకి, కత్తితో మందంగా చెక్కు తీయండి. పీచు చెక్కుతోపాటే లేచి వస్తుంది.

రెండో మాట, పులుపు సంగతి. సాంబారులో వేసేవాళ్ళు ముక్కలను చింతపండు పులుసులోనే ఉడికించాలని చూస్తారు. పులుపు తగిలితే ముక్క త్వరగా మెత్తబడదు. ముందు ముక్కలను కొద్ది నీళ్ళలో మూతపెట్టి పది నిమిషాలు ఉడికించి, కత్తి మొన సులువుగా దిగిన తర్వాత పులుసు పోయండి. ఆ ఉడికిన నీళ్ళు పారబోయకండి. పచ్చి నూల్‌కోల్ నూరు గ్రాముల్లో సుమారు 62 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. కొంత వేడికి పోతుంది, కొంత నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళు ఉంచుకుంటే రెండోదైనా దక్కుతుంది. నూరు గ్రాములకు 27 క్యాలరీలు మించవు, పీచు మూడున్నర గ్రాములుంటుంది. చక్కెర జబ్బు ఉన్న ఇంట్లో బంగాళాదుంప బదులు సాంబారులోకి ఇది బాగా నప్పుతుంది.

సి విటమిన్ మొత్తం కావాలంటే పచ్చిగానే తినాలి. లేత గడ్డ తురిమి, నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరి తురుము, కొత్తిమీర కలిపి, ఆవాలు ఇంగువ తిరగవాత వేస్తే కోసంబరి అవుతుంది. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే కలపండి. ముందే కలిపితే నీళ్ళు ఊరి ముద్దవుతుంది. పిల్లల డబ్బాలోకి మాత్రం ఇది వద్దు. మధ్యాహ్నానికి మూత తీస్తే కోసు వాసన తరగతంతా వస్తుంది, పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. పిల్లలకు ఆ సిగ్గు మన పెద్దవాళ్ళు అనుకునేదానికంటే పెద్దది. డబ్బాలోకైతే సన్నగా చీల్చి, నూనెలో మూత లేకుండా వేయించి, కొంచెం పల్లీల పొడి చల్లి పెడతాను. చపాతీలోకి నానిన సెనగపప్పు వేసి మరాఠీవాళ్ళు చేసే కూర కూడా బాగుంటుంది. అది మా ఇంటావిడ చేస్తుంది, నాకు ఇంకా చేతకాలేదు.

ఇక ఆకు సంగతి. ఇవాళ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

సంతలో గడ్డ కొంటే అమ్మేవాళ్ళు ఏం చేస్తారు? కాడలు పట్టుకుని ఒక్క మెలి తిప్పి ఆకు విరిచి పక్కన పడేస్తారు. మనం కూడా సంచిలో చోటు మిగిలిందని సంతోషిస్తాం. సాయంత్రానికి ఆ కుప్పను పశువులు తింటాయి. కాశ్మీరులో అలా చేయరు. గడ్డను, ఆకును కలిపి ఆవనూనెలో, ఎండుమిరపకాయలతో పలుచగా ఉడికిస్తారు. దాని పేరు మోంజి హాక్. అక్కడ ఆకు లేని గడ్డను సగం కూరగాయగానే చూస్తారు.

మా కోలారు వైపు ఆకుకు తగిన వంట ఉండనే ఉంది. బస్సారు. నీళ్ళు వంచి తీసి చేసే సారు కనుక ఆ పేరు. కర్ణాటకలో ఉన్న తెలుగువాళ్ళకు నేను నేర్పనక్కరలేదు, కాని దూరాన ఉన్నవాళ్ళ కోసం చెబుతాను.

నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు, ఆరు గ్లాసుల నీళ్ళు. కుక్కర్ వద్దు, మామూలు గిన్నె చాలు. పప్పు ముప్పాతిక వంతు ఉడికాక, నాలుగు గడ్డల ఆకు సన్నగా తరిగి వేయండి. మధ్య ఈనె ముదిరి ఉంటే తీసేయండి. గడ్డ ముక్కలు కూడా ఒక గుప్పెడు వేసి, ఉప్పు వేయండి. పప్పు మెత్తబడాలి గాని చిదికిపోకూడదు. చిల్లుల గిన్నెలో వంపి నీళ్ళు వేరు చేయండి. ఆ నీళ్ళే కట్టు. ఇప్పుడు ఒక ఉల్లిపాయ, ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఐదారు ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, పది మిరియాలు కొద్ది నూనెలో వేయించండి. అందులో కొబ్బరి, నిమ్మకాయలో సగమంత చింతపండు వేసి, ఉడికిన పప్పూ ఆకూ రెండు గరిటెలు కలిపి మెత్తగా రుబ్బండి. ఆ రెండు గరిటెలు మరిచిపోతే సారు చిక్కబడదు, నీళ్ళు నీళ్ళుగా ఉంటుంది. రుబ్బినది కట్టులో కలిపి బాగా మరగనిచ్చి తిరగవాత పెట్టండి. వంచగా మిగిలిన పప్పు ఆకులో ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి తిరగవాత వేసి, కొబ్బరి చల్లితే పల్యం. ఒక గిన్నె ఉడికితే రెండు వంటలు. పక్కన వేడి రాగిసంగటి. సంగటి నమలనక్కరలేదు, సారులో ముంచి మింగడమే. పళ్ళు లేని మా అమ్మకు ఇంతకన్నా మంచి భోజనం లేదు.

కాని ఈ ఆకు ఇరవై ఏళ్ళు మా ఇంటికి రాలేదు. రానివ్వనిది మా అమ్మే.

మా నాన్న కోలారు బంగారు గనుల్లో పనిచేసేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇంటికి జీతం ఆగిపోయింది. నేను అప్పుడు చదువుకుంటున్నాను. ఆ ఏడాది మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు బస్సారే. రుచిగా ఉండేది, అడిగి వేయించుకుని తినేవాణ్ణి. ఆకు ఎక్కడినుంచి వస్తోందని నేను అడగలేదు. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. ఆ వంట ఆగిపోయింది. ఎందుకు ఆగిందనీ అడగలేదు.

పీచు కూర జరిగిన కొన్నాళ్ళకు ఆకుతో సహా గడ్డలు తెచ్చాను. అమ్మ ఆకు కట్ట చూసి, "అది పారేయి నాయనా, మనకేం గతి లేదా?" అంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. నేను పారేయలేదు, వండాను. ఆమె తినింది. తిన్న తర్వాత చెప్పింది.

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్‌లో పొద్దు వాలే వేళకు వెళ్ళి, విరిచి పడేసిన ఆకు ఏరుకునేదట. అక్కడ అమ్మేవాళ్ళు ఎక్కువగా తమిళం మాట్లాడేవాళ్ళు. ఎవరైనా చూస్తే "మాట్టుక్కు" అనేదట, ఆవుకు అని. మాకు ఆవు లేదు. ఎప్పుడూ లేదు.

ఈ ప్రసంగం రాసేటప్పుడు ఆ సంగతి చెప్పనా వద్దా అని ఆమెనే అడిగాను. కాసేపు ఆలోచించింది. "చెప్పు. ఆ అంగడాయనకు మాత్రం తెలుసు, మనకు ఆవు లేదని. ఆకులో అప్పుడప్పుడూ ఒక చిన్న గడ్డ ఉండేది. విరిచేవాడికి కనపడకుండా ఎట్లా ఉంటుంది?" అంది.

ఇప్పుడు మా ఇంట్లో గురువారం బస్సారు. ఆకు విరవవద్దని సంతలో ముందే చెబుతాను. మీరు కూడా చెప్పి చూడండి. పురుగు తిన్న ఆకులు, పసుపు పచ్చబడినవి తీసేసి, మిగిలినవి ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉంచి కడగండి, అడుగున పురుగులుంటే తేలతాయి. ఆకు ఆ రోజో మర్నాడో వండేయాలి. గడ్డ మాత్రం ఆకు తీసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాల దాకా ఉంటుంది. ఆకును గడ్డకే ఉంచేస్తే గడ్డలోని నీరు పీల్చుకుని రెండూ వాడిపోతాయి.

ఇంకొకటి, చాలామంది ఆడవాళ్ళు అడిగే సంగతి. థైరాయిడ్ ఉన్నవాళ్ళు కోసు జాతి కూరలు తినవచ్చా? ఈ కూరల్లో థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను వాడుకోవడానికి కొద్దిగా అడ్డు తగిలే పదార్థాలు ఉన్నమాట నిజం. ఉడికిస్తే వాటి ప్రభావం చాలావరకు తగ్గుతుంది. అయోడిన్ ఉప్పు వాడుతూ, వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించి తినేవాళ్ళకు మామూలుగా ఇబ్బంది ఉండదు. రోజూ పచ్చిగా, పెద్ద మొత్తంలో తినడమే మంచిది కాదు. మాత్రలు వేసుకునేవాళ్ళు మీ డాక్టరును ఒక మాట అడగండి. ఎవరో చెప్పారని ఈ కూరలన్నీ ఒక్కసారిగా మానేయకండి.

పోయిన గురువారం సారు పోసుకుని మా అమ్మ రెండు ముద్దలు మింగి, "ఉప్పు తక్కువైంది" అంది. ఆమె వంటకు వంక పెట్టిందంటే ఆకలి ఉన్నట్టే. మీ ఇంట్లో చేసేటప్పుడు, కట్టు వంచక ముందే ఉప్పు సరిచూసుకోండి. వంచాక వేస్తే పల్యానికి పట్టదు.